మామ్మగారి చేతికర్ర

ఇది ఇంతకుముందే ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. అవి కూడా బడిలోంచి కాదు, నా మనవరాలి ఫోనులోంచి. మేఘనకు హైస్కూల్లో ఉండగానే చూపు తగ్గడం మొదలైంది. కంటి వెనకాల పొర ఎండిపోయే జబ్బు అన్నారు. ముందు పక్కలన్నీ పోయాయి, మధ్యలో నాణెమంత మిగిలింది, కాలేజీలో చేరేనాటికి అదీ మసకబారింది. అప్పటి నుంచి దాని ఫోను మాట్లాడే ఫోను. ఏ అక్షరం మీద వేలు పెడితే ఆ అక్షరాన్ని పైకి చదువుతుంది. మధ్యాహ్నాలు నేను పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తూ వింటూ ఉండేదాన్ని. ఒకరోజు మేఘన సరదాకు ఫోనును తెలుగులోకి మార్చి నా చేతిలో పెట్టింది. నా వేలు తగిలిన చోట ఒక ఆడగొంతు ‘క’ అంది. కాస్త పక్కకు జరిపితే ‘గ’ అంది. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోలేదు, నవ్వలేదు. చూపు లేని పిల్ల కోసం చేసిన ఏర్పాటు చదువు లేని ముసలిదానికి పనికొచ్చింది. ఆ చలికాలమంతా బాల్కనీ ఎండలో కూర్చుని అక్షరాలను వేలితో తట్టి లేపుతూ గడిపాను.

అక్షరాలు వచ్చాక కూడా వెంటనే ఇది రాయలేదు. పచ్చడి సీసాల మీద పేర్లు రాశాను. ఊళ్ళో తమ్ముడి కోడలికి ఫోనులో సందేశాలు పంపాను. నా చిన్నతనం గురించి రాయాలంటే నా కూతురు సుజాతకు చెప్పని సంగతులు రాయాలి. దానికి తెలిసిందల్లా, అమ్మ చిన్నప్పుడు ఆర్.కె. పురంలో ఒక ఆఫీసరుగారింట్లో పెరిగింది అని. పెరిగింది అన్న మాట నేనే వాడాను. వినడానికి మర్యాదగా ఉంటుంది. పోయిన ఆదివారం మా సొసైటీ మీటింగు జరగకపోతే ఆ మాట అలాగే చెల్లిపోయేది.

మేముండేది ద్వారకలో. సుజాత బ్యాంకులో పని చేస్తుంది. అల్లుడు ఉద్యోగం మీద నెలలో సగం రోజులు వేరే ఊళ్ళలో ఉంటాడు. పోయిన వానాకాలంలో మా ఇంటికి కుక్క వచ్చింది. చూపు లేనివాళ్ళను నడిపించడానికి తర్ఫీదిచ్చిన కుక్క. మేఘన దక్షిణాదిన ఆ తర్ఫీదిచ్చే చోటికి వెళ్ళి, కొన్ని వారాలు దానితో నడక నేర్చుకుని తీసుకొచ్చింది. ఒళ్ళంతా బాగా కుదిరిన జున్ను రంగు. వాళ్ళు పెట్టిన ఇంగ్లీషు పేరేదో ఉంది గాని నేను జున్ను అనే పిలిచాను, చివరికి అదే నిలిచింది. దానికి ఒంటికి తొడిగే పట్టీ ఒకటి ఉంటుంది, వీపు మీదుగా గట్టి పిడి పైకి లేచి ఉంటుంది. మేఘన ఎడమచేత్తో ఆ పిడి పట్టుకుంటుంది. పట్టీ తొడిగితే జున్ను వేరే ప్రాణి అయిపోతుంది. ముక్కు ముందర పెసరట్టు ముక్క పెట్టినా చూడదు. మొదట్లో నేను అలాగే పెట్టి మేఘనతో చీవాట్లు తిన్నాను.

“అమ్మమ్మా, ప్లీజ్. అది డ్యూటీలో ఉంది. డ్యూటీలో దాన్ని పలకరించకూడదు, ముట్టుకోకూడదు, ఏమీ పెట్టకూడదు.”

“మరి డ్యూటీ ఎప్పుడు దిగుతుందే?”

“ఇంటికొచ్చి పట్టీ తీసెయ్యగానే. తర్వాత అది ఏం చేసినా దాని ఇష్టం.”

నిజంగానే పట్టీ తీయగానే అది సోఫా కింద దూరి నా చెప్పు ఎత్తుకెళ్ళేది. కొన్నేళ్ళు పని చేశాక దానికి విశ్రాంతి కూడా ఇస్తారట. పెద్దదైందని పని మాన్పించి, ఊరికే పెంచుకుంటారట. ఇదంతా మేఘన చెబుతుంటే నేను ఆ పిడి వంకే చూస్తూ ఉన్నాను. నా ఎడమ భుజం నా ప్రమేయం లేకుండానే కొంచెం కిందికి దిగింది. అది ఎప్పుడూ కుడి భుజం కంటే కాస్త దిగే ఉంటుంది. కొత్త దర్జీ ఎవరైనా జాకెట్టు కొలతలు తీసుకుంటే, “మాతాజీ, సీదీ ఖడీ హో జాయియే” అంటాడు. తిన్నగానే నిలబడ్డానురా నాయనా అంటాను.

మాది తణుకు దగ్గర పల్లె. మా నాన్న ఒక పెద్ద రైతు ఇంట్లో పాలేరు. ఆ రైతుగారి తమ్ముడు ఢిల్లీలో ఆఫీసరు, మేము బాబుగారు అనేవాళ్ళం. బాబుగారి తల్లికి, అందరూ మామ్మగారు అనే ఆవిడకు, రెండు కళ్ళూ పోయాయి. తన దగ్గర ఉంచుకుందామంటే, ఆయన ఆఫీసుకు పోయి, భార్య వంటింట్లో ఉంటే ఆవిడను పట్టుకుని తిప్పేవాళ్ళెవరు? చేతికర్ర పట్టుకుంటే నలుగురూ చూస్తారని ఆవిడకు నామోషీ. అందుకని నన్ను తీసుకెళ్ళారు. అప్పటికి నాకు పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయి. “తిండికీ బట్టకీ లోటుండదు. ఢిల్లీలో బడిలో వేస్తాం” అని బాబుగారు మా నాన్నతో అన్న మాట నేను గడప పక్కన నిలబడి విన్నాను. రైల్లో దారి పొడుగునా బడి ఎలా ఉంటుందో అనుకుంటూ కూర్చున్నాను.

ఆర్.కె. పురంలో బాబుగారి క్వార్టరు మేడ మీద. చలికాలం పొద్దున్నే కింద బొగ్గుల కుంపట్లు రాజేసేవాళ్ళు, ఆ పొగ మెట్ల మీదుగా ఇంట్లోకి వచ్చేది. బాబుగారి భార్య, అమ్మగారు, ఆ పొగను తిట్టుకుంటూ ఫిల్టరులో వేడినీళ్ళు పోసేవారు. పొగ, కాఫీ డికాక్షను, మామ్మగారి తలకు రాసిన వేపనూనె, ఆవిడ నోట్లో వక్కపొడి, ఇవన్నీ కలిసిన వాసనే నాకు తెల్లవారడం. నా పని అక్కడి నుంచి మొదలు. మామ్మగారు కుడిచెయ్యి నా ఎడమ భుజం మీద వేసేవారు. బక్క మనిషేగాని చెయ్యి బరువు. ఆ చేతితోనే నన్ను నడిపేవారు కూడా. ఒక్కసారి నొక్కితే ఆగాలి, రెండుసార్లు నొక్కితే కూర్చోబెట్టాలి, గోరు దిగితే నేనేదో తప్పు చేశానన్నమాట. బాత్రూముకు, పూజగదికి, కింద ఎండలో నులకమంచం దగ్గరికి, సాయంత్రం పార్కు చుట్టూ, మంగళవారం గుడికి. రాత్రి ఆవిడ మంచం పక్కనే నా చాప. పాత చీర అంచు చింపి ఒక కొస ఆవిడ మణికట్టుకూ ఒక కొస నా మణికట్టుకూ కట్టేవారు. ఆవిడకు అవసరమైతే లాగడానికి. నాకు అవసరమైతే లాగడానికి వీల్లేదు. తెల్లారాకే ఆ ముడి విప్పేవారు. విప్పగానే చెయ్యి వచ్చి భుజం మీద పడేది.

మామ్మగారు చెడ్డమనిషని రాస్తే అది అబద్ధం. కుంకుళ్ళతో నా తల ఆవిడే రుద్దేవారు, చూపు లేకపోయినా ఒక్క పేను మిగలనిచ్చేవారు కాదు. తన పళ్ళెంలో మిఠాయి సగం నా చేతిలో పెట్టేవారు. ఆవిడ మాట్లాడితే నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. ఎండలో కూర్చుని, “ఏమే సూరీ, ఆ ఎదురింటావిడ ఇవాళేం కట్టింది?” అనేవారు.

“పసుపు చీరండి మామ్మగారూ.”

“నిన్నా అదేగా. మొగుడి జీతమంతా పౌడరుకే పోతున్నట్టుంది.”

నేను గుంత చూసుకోక ఆవిడ కాలు మడత పడితే మాత్రం, “రెండు కళ్ళుండీ గుంత కనబళ్ళేదూ? ఆ కళ్ళు నాకిచ్చెయ్యి, సూదిలో దారం ఎక్కించి చూపిస్తాను” అనేవారు. చుట్టుపక్కల తెలుగువాళ్ళకు నా పేరు తెలియదు. మామ్మగారి చేతికర్ర అనేవాళ్ళు. పార్కులో పంజాబీ ఆడవాళ్ళు కూడా “అమ్మాజీ కీ లాఠీ ఆ గయీ” అని నవ్వేవాళ్ళు. నాక్కూడా అది పేరులాగే అలవాటైంది, పిలిస్తే పలికేదాన్ని.

బడి మాట మొదట్లో అప్పుడప్పుడు వచ్చేది. ఎండాకాలం సెలవులయ్యాక వేద్దాం అన్నారు. తర్వాత మామ్మగారి ఒంట్లో బాగుపడ్డాక అన్నారు. బాబుగారి అమ్మాయి ఇందిర తెలుగు బడికి వెళ్ళేది. నా ఈడుదే. మధ్యాహ్నం మామ్మగారు కునుకు తీస్తుంటే ఇందిర బాల్కనీ గోడ మీద సుద్దముక్కతో అ, ఆ రాసి, నాచేత దిద్దించడం మొదలుపెట్టింది. దానికి టీచరమ్మ ఆట అంటే ఇష్టం. నాకది ఆట కాదు. ఒక మధ్యాహ్నం మామ్మగారు నిద్ర లేచి పిలిస్తే నాకు వినబడలేదు. నేను ‘ఈ’ దిద్దుతున్నాను. ఆవిడే లేచి తడుముకుంటూ వెళ్ళి నుదురు తలుపు అంచుకు కొట్టుకున్నారు. పెద్ద దెబ్బ కాదు, కాని బొప్పి కట్టింది. అమ్మగారు తడిగుడ్డ పట్టుకొచ్చి గోడ మీద అక్షరాలన్నీ తుడిచేశారు. మామ్మగారు మాత్రం కోప్పడలేదు. నా మొహమంతా చేత్తో తడిమి నవ్వారు.

“నువ్వు నా కళ్ళవే పిచ్చిదానా. కళ్ళకి చదువెందుకు? నువ్వు పుస్తకంలో పడితే నేను కాలవలో పడతాను.”

ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పేవారు. వచ్చినవాళ్ళు ఎంత బాగా అన్నారండీ అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఆవిడ పోయేనాటికి నాకు పెళ్ళీడు వచ్చింది. బాబుగారే తన ఆఫీసులో అటెండరుగా ఉన్న తెలుగతనికిచ్చి చేశారు. ఆయన మంచివాడు. కాని పెళ్ళయిన చాలా రోజుల వరకు రాత్రి మణికట్టు దగ్గర లాగినట్టయి లేచి కూర్చునేదాన్ని.

ఇక మీటింగు సంగతి. మా టవరులో రెండు లిఫ్టులు. ముందు వైపుది ఇళ్ళవాళ్ళకు, వెనక వైపుది చెత్త బుట్టలకు, సిలిండర్లకు, ఇళ్ళలో పని చేసే ఆడవాళ్ళకు. కొత్తలో నా చీరకట్టు చూసి గార్డు నాకు కూడా వెనక లిఫ్టు వైపు చెయ్యి చూపించాడు. కుక్కలు వెనక లిఫ్టులోనే వెళ్ళాలని రూలు. జున్ను కుక్క కాదు, మేఘన కళ్ళు అని సుజాత మొదట్లోనే చెప్పి ఒప్పించింది. అప్పుడు ఠీక్ హై అన్నారు. చెడింది ఎక్కడంటే, పై అంతస్తులో ఖురానా ఆంటీకి దూదిపింజలాంటి కుక్కపిల్ల ఉంది. జున్నును చూసి ఆవిడ కూడా ఆన్‌లైన్‌లో దాని ఒంటికి, డ్యూటీ కుక్కలకు వేసేలాంటి ఎర్ర జాకెట్టు తెప్పించింది. తనకు మనసు బాగోదట, అది పక్కన లేకపోతే గుండె దడ వస్తుందట. దడ నిజమే కావచ్చు, నేను కాదనను. కాని ఆ కుక్కపిల్ల లిఫ్టులో అందరి కాళ్ళ మీదా ఎగురుతుంది. ఆవిణ్ణి చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి మరొకరు. నెల తిరిగేసరికి టవరులో ప్రతి కుక్కకూ ఎర్ర జాకెట్టు. చివరికి ఒక పిల్లవాణ్ణి ఎవరిదో ఒకటి గీరింది. అంతే, జాకెట్టున్నా లేకపోయినా అన్నీ వెనక లిఫ్టులోనే అన్నారు. జున్ను ఇంతవరకు ఎవరినీ చూసి మొరిగిందైనా లేదు.

వెనక లిఫ్టు పొద్దున పూట చెత్త దించే పనిలో ఉంటుంది. అది ఖాళీ అయ్యేసరికి మేఘనకు మొదటి క్లాసు అయిపోతుంది. అడుగంతా తడి. జున్ను కాళ్ళు జారితే మేఘన కూడా జారుతుంది. దిగితే వెనక గేటు, అక్కడ స్కూటర్లు అడ్డదిడ్డంగా వస్తాయి. వారం తిరక్కుండా మేఘన, “ఇవాళ ఆన్‌లైన్‌లో వింటాలే” అనడం మొదలుపెట్టింది. జున్ను గుమ్మం దగ్గర పడుకుని తలుపు వంక చూసేది.

అందుకే ఆదివారం సాయంత్రం సుజాత మీటింగులో మాట్లాడతానంది. నేనూ వెళ్ళాను. సెక్రెటరీ మంచి మాటలతోనే మొదలుపెట్టాడు. “దేఖియే, మేఘన మన బేటీ. కాని ఒక్కరికి వదిలితే అందరూ అడుగుతారు. అసలుదేదో నకిలీదేదో మేమెలా తేల్చాలి?” అన్నాడు. తేల్చడానికి కాగితాలున్నాయని సుజాత అంది. కాగితాలు కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతాయని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. అప్పుడు ఖురానా ఆంటీ, కుక్కపిల్లను ఒళ్ళో పెట్టుకునే, ఎంతో ప్రేమగా హిందీలో అంది. “ఇంత గొడవెందుకు సుజాతా? మీ ఊరి నుంచి ఒక చిన్న లడ్కీని తెచ్చుకో. చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. దాని కడుపూ నిండుతుంది, నీకు పుణ్యం కూడా. లడ్కీ అయితే ముందు లిఫ్టులో వెళ్ళొచ్చు.”

చాలామంది తలలూపారు. నా చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరికి కూడా ఆ మాట వింతగా అనిపించలేదు. ఎర్ర జాకెట్టు అసలుదా నకిలీదా అని గంటసేపు వాదించుకున్న మనుషులే. రూలు మారదని తేల్చి అందరూ లేచారు.

ఇంటికొచ్చి అన్నాల దగ్గర కూర్చున్నాక సుజాత నా వైపు చూడకుండా అంది, “అమ్మా, మామయ్య మనవరాలు స్వాతి ఉందిగా. నిన్ననే వాళ్ళమ్మతో మాట్లాడాను. పంపిస్తామన్నారు. రైలు టికెట్టు కూడా తీసేశాను.”

ఖురానా ఆంటీ చెప్పకముందే నా కూతురికి ఆ ఆలోచన వచ్చింది.

“మరి జున్ను?” అంది మేఘన.

“వెనక్కిచ్చేద్దాం నాన్నా. నేనింక వీళ్ళతో పోట్లాడలేను.”

“మమ్మీ, స్వాతి సిక్స్త్ చదువుతోంది. షీ ఈజ్ ఎ చైల్డ్.”

“పనిమనిషిగా తెస్తున్నామా ఏంటి? మనింటి పిల్లే. తిండికీ బట్టకీ లోటుండదు. ఇక్కడ బడిలో వేద్దాం.”

ఆ మాట అదెక్కడా విని ఉండదు. అయినా అక్షరం పొల్లుపోకుండా అనేసింది. “ఏ బడిలో వేస్తావే?” అన్నాను. “పొద్దున మేఘనను కాలేజీకి తీసుకెళ్ళాలి, సాయంత్రం తీసుకురావాలి. మధ్యలో కాలేజీ గుమ్మంలో కూర్చోవాలి. ఏ బడి ఆ వేళల్లో ఉంటుంది? నన్నూ అలాగే వేస్తామన్నారు.” తర్వాత అన్నీ చెప్పాను. భుజం, మణికట్టుకు కట్టిన అంచు, బాల్కనీ గోడ, తడిగుడ్డ. చెప్పినంతసేపూ మేఘన చెయ్యి పిడి లేని జున్ను వీపు మీద ఉంది. సుజాత కంచంలో గీతలు గీస్తూ కూర్చుంది.

“ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ఏం చేసేదానివి?”

“ఇప్పుడు మాత్రం ఏం చెయ్యమంటావమ్మా? నాకు సెలవుల్లేవు. ఆయన ఊళ్ళో ఉండరు. నువ్వు నడవలేవు. కుక్క వద్దంటారు, పిల్ల వద్దంటావు. చెప్పు, ఎవరు తీసుకెళ్ళాలి దీన్ని?”

దాని కోపం అన్యాయం కాదు. అదే నాకు చిరాకు. బాబుగారిదీ అన్యాయం అనిపించలేదు అప్పట్లో. అందరూ వాళ్ళ వాళ్ళ అమ్మనో కూతుర్నో ప్రేమించుకున్నవాళ్ళే. ఆ ప్రేమంతా ఎక్కడో ఒక పిల్ల భుజం వెతుక్కుంటుంది. జంతువుకు తర్ఫీదివ్వడం నేర్చుకున్నారు, దానికి పని దిగే వేళ పెట్టారు, ముసలిదైతే విశ్రాంతి ఇచ్చారు. ఇంత మంచి ఏర్పాటు ఇంటి గుమ్మం దాకా వచ్చి నిలబడితే, లిఫ్టు ఎక్కనివ్వడానికి మాత్రం మనసొప్పదు. పాలపళ్ళు ఊడిన పిల్లనైతే ఏ లిఫ్టయినా ఎక్కించుకుంటుంది. దీన్ని ముందుకు పోవడం అనాలో ఏమనాలో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, మేఘనను లేపాను. జున్నుకు పట్టీ వెయ్యమన్నాను. సుజాత గుమ్మంలో నిలబడి, “ఖురానా ఆంటీతో గొడవ పెట్టుకోకమ్మా” అంది గాని ఆపలేదు. ముందు లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి లోపల ఆవిడే ఉంది, దూదిపింజ చంకలో.

“ఆంటీజీ, నిన్న మీటింగులో ఏమనుకున్నాం?” అంది.

“మీరు కూడా విన్నారుగా బహెన్‌జీ” అన్నాను. “మీది దిగితే మాదీ దిగుతుంది.”

ఆవిడ దిగలేదు. మేమూ దిగలేదు. కిందికి వెళ్ళాక గార్డు పరుగెత్తుకొచ్చి, “మాతాజీ, రూల్ హై” అన్నాడు. సాయంత్రం వచ్చి మాట్లాడతానని సెక్రెటరీకి చెప్పమన్నాను. రేపు మళ్ళీ ఇదే ఉంటుందని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. గేటు దాటాక మేఘన వద్దన్నా నాలుగడుగులు పక్కన నడిచాను. దాని చెయ్యి పిడి మీదే ఉంది. నేను ఆగిపోయాను. వాళ్ళిద్దరూ మెట్రో వైపు మలుపు తిరిగేదాకా చూసి, గేటు పక్క బెంచీ మీద కూర్చుని ఊరికి ఫోను చేశాను.

స్వాతి వాళ్ళమ్మ ఎత్తింది. “పిల్లకి జడేస్తున్నా అత్తయ్యా.”

“వెయ్యి. వేసి బడికి పంపు. ఇక్కడికి పంపొద్దు.”

“అదేంటి? వదిన టికెట్టు తీసిందిగా. అక్కడే చదివిస్తానంది.”

“చదివించడం దానివల్ల కాదు. నేను చెబుతున్నాగా, ఇక్కడ కుదరదు. ఎవరడిగినా నా పేరు చెప్పు. ఫోను పిల్లకియ్యి.”

తర్వాత స్వాతి గొంతు, జడ లాగుతున్నట్టుంది, “ఆఁ” అంది. ఇప్పుడు ఏ పాఠం జరుగుతోందే అని అడిగాను. తెలుగా, సైన్సా అంది. ఏదైనా సరే, తెరిచి చదువు అన్నాను. ఎందుకని అది అడగలేదు. వానపాముల గురించి ఏదో పాఠం, గడగడా చదవడం మొదలుపెట్టింది. నేను ఫోను చెవికి ఆనించుకుని, బడి ఆటో హారను వినబడేదాకా విన్నాను.